ఎర్ర రంగు మీద తెల్లక్షరాలు

జూన్ 9

ఉడతా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదని అలిగి ఉంటావు. పని తెమలక కాదు, అసలు పనుంటే కదా. ఇప్పుడు బోర్డు కావాలంటే అందరూ ఫ్లెక్సీవాడి దగ్గరికే పోతున్నారు. పొద్దున చెబితే మధ్యాహ్నానికి చేతిలో పెడతాడు. ఎండకు ఆరు నెలల్లో వెలిసిపోయినా వాళ్ళకు పట్టదు. నా దగ్గరికి వచ్చేది పాత బోర్డు మళ్ళీ దిద్దమనేవాళ్ళే.

అసలు సంగతి రాయడానికి భయమేసి ఫ్లెక్సీవాణ్ణి తిడుతున్నాను. నా దగ్గు రంగుల వాసన వల్ల అనుకున్నాం కదా. కాదు. క్షయ. అది ఎందుకొచ్చిందో చూద్దామని పెద్దాసుపత్రిలో రక్తం తీశారు. తర్వాత ఒక చిన్న గదిలోకి పిలిచి, తలుపేసి చెప్పారు. హెచ్ఐవీ. ఆ మాట వినగానే నాకు నువ్వు గుర్తొచ్చావు. మా చెల్లెలు ఈ రోగం మీదే పనిచేస్తోందండీ అని ఆ చెప్పినమ్మాయితో గొప్పలు పోయాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

ఎలా వచ్చిందని నువ్వు అడగకు. మీ వదిన అడిగింది, చెప్పాను, చాలా రోజులు నా మొహం చూడలేదు. ఆమెకూ చిట్టికీ పరీక్ష చేయించాం. ఇద్దరికీ లేదు. ఆ కాగితం చేతికి రాగానే ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

మాత్రలు మొదలుపెట్టారు. మానకుండా వేసుకుంటే అందరిలాగే బతకొచ్చట. చిట్టి మూడో క్లాసు. అది తన కాళ్ళ మీద నిలబడేదాకా దాని కళ్ళెదుట ఉండాలి. నాకు అంతకు మించి ఆశ లేదు.

ఫోన్ చేయకు. షాపుకీ పక్క టైలరు కొట్టుకీ మధ్య ఉన్నది చెక్క గోడ. నేను తుమ్మితే అతను చల్లగా ఉండమంటాడు. ఇంట్లో చిట్టి ఉంటుంది. ఉత్తరమే రాయి. ఈ రోగం లోపల ఏం చేస్తుందో నాకు చెప్పు. డాక్టరు రోగనిరోధక శక్తి తగ్గుతుంది అంటాడు. ఎలా అంటే మెల్లమెల్లగా అంటాడు. నేను బొమ్మ వేయగలిగేలా చెప్పు.

అన్నయ్య


జూన్ 20

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంటికెళ్ళేదాకా ఆగలేక ల్యాబు వరండాలో చదివేశాను. తర్వాత లోపలికెళ్ళి చేతులకు తొడుగులు వేసుకున్నాను. వాటితో కళ్ళు తుడుచుకోకూడదు, మాకు నేర్పే మొదటి పాఠం అదే. సాయంత్రం దాకా కన్నీళ్ళు చెంపల మీదే ఆరిపోయాయి. మా ల్యాబు పెద్దాయన అడిగితే జలుబన్నాను.

ముందు ఒక్క మాట. మాత్రలు మానకు. జ్వరమొచ్చినా, కోపమొచ్చినా మానకు. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇక నువ్వడిగింది. మన ఒంట్లో ప్రతి కణమూ ఒక దుకాణం అనుకో. లోపల ఏం తయారవుతోందో వాటి ముక్కల్ని బయట బోర్డులా కడుతుంది. కాపలా కణాలు వీధి వీధీ తిరుగుతూ ఆ బోర్డులు చదువుకుంటూ పోతాయి. మన సరుకే అయితే దాటిపోతాయి, పరాయి సరుకు కనబడితే ఆగుతాయి. ఈ వైరస్ తెలివి చూడు, కాపలావాళ్ళకు ఆజ్ఞలిచ్చే కణాల్లోకే దూరుతుంది. దూరాక నెఫ్ అనే ఒక చిన్న ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. బయట కట్టిన బోర్డుల్ని లోపలికి లాగి నాశనం చేయడం నెఫ్ పనుల్లో ఒకటి. లోపల వైరస్ తయారీ జోరుగా సాగుతుంటుంది, బయట మాత్రం బోర్డుండదు. కాపలావాళ్ళు దాని ముందు నుంచే వెళ్ళిపోతారు.

ఇది ఒక్కటే కాదు. తయారైన వైరస్‌ను గడప దగ్గర పట్టి ఆపే కొక్కేలు కణానికి ఉంటాయి. వాటిని వీపీయూ అనే ఇంకో ప్రోటీన్ ఊడబెరుకుతుంది. విఫ్ అనేది ఇంటి లోపలి కావలివాణ్ణే మాయం చేస్తుంది. పట్టుమని పది జన్యువులు కూడా లేని వైరస్ ఇంత పని చేస్తుంది.

మా ల్యాబులో మేం నెఫ్ చెయ్యి పట్టుకుని ఆపే మందు కోసం వెతుకుతున్నాం. నేను పెంచే కణాల్లో దించేసిన బోర్డులు మళ్ళీ పైకొస్తున్నాయి అన్నయ్యా. మైక్రోస్కోపులో ఆకుపచ్చగా మెరుస్తుంటే నా కళ్ళతో చూశాను. బోర్డు చూశాక కాపలావాళ్ళు ఏం చేస్తారన్నది వేరే కథ, ఇంకోసారి రాస్తాను. బస్సు తప్పిపోతుంది.

చిట్టికి ముద్దులు. వదిన మీద చిరాకు పడకు.

నీ ఉడత


జూలై 3

ఉడతా,

నువ్వేం చదివావో నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది. అంత చదువూ చదివి చివరికి నువ్వూ బోర్డుల దగ్గరికే వచ్చావు. ముందే చెబితే నా దగ్గరే పనికి పెట్టుకునేవాణ్ణి, ఇంత ఖర్చయ్యేది కాదు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఆ నెఫ్‌గాడి మీద నాకు ఒళ్ళు మండుతోంది. జీవితమంతా నిచ్చెనెక్కి బోర్డులు కట్టినవాణ్ణి, నా ఒంట్లోనే ఒకడు కూర్చుని బోర్డులు దించుతున్నాడంటే చూడు. కాగితం మీద వాడి బొమ్మ కూడా వేశాను. చిట్టి చూసి ఎవరు నాన్నా ఈ దొంగ అంది.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది, అప్పటి నుంచి వదలడం లేదు. రోగం చేసే పని బోర్డు దించడం అన్నావు. మరి నేను చేస్తున్నదేమిటి? మాత్రల్ని పాత వార్నిష్ డబ్బాలో దాచుకుంటున్నాను. టైలరు అడిగితే గ్యాస్ట్రిక్ మాత్రలన్నాను. ఆసుపత్రిలో తెలిసినవాళ్ళు కనబడితే ఎక్స్‌రే గది వైపు తిరిగిపోతున్నాను. నేనూ నెఫ్ పనే చేస్తున్నాను కదూ? రోగానికి నేనే జీతం లేని పనివాణ్ణి అయిపోయాను.

దీనికి జవాబు చెప్పు. కాపలావాళ్ళు బోర్డు చూశాక ఏం చేస్తారో కూడా చెప్పు. అసలు ముక్క అక్కడే ఆపేశావు.

మాత్రలు వేసుకుంటున్నాను. ఒట్టు.

అన్నయ్య


జూలై 15

అన్నయ్యా,

తల పైకెత్తే తీరిక లేదు. కణాలకు ఆదివారం కూడా మేత మార్చాల్సిందే, పసిపిల్లల కంటే ఘోరం. నువ్వూ నెఫ్ పనే చేస్తున్నావని రాసింది చదివి పగలబడి నవ్వాను. మా పెద్దాయనకు కూడా చెప్పాను. మీ అన్నయ్యను ఇక్కడ పాఠాలు చెప్పడానికి తెచ్చుకుందామా అన్నారు.

నెఫ్ గురించి ఇంకో విచిత్రం చెప్పనా? అది అన్ని బోర్డులూ దించదు, కొన్ని ఉంచుతుంది. ఎందుకంటే గోడ మరీ బోసిగా ఉంటే అనుమానపడే ఇంకో రకం కాపలా ఉంది. అది బోర్డు చదవదు, బోర్డు లేకపోవడాన్నే చూస్తుంది. ఆ రెండో కాపలా కళ్ళు కూడా కప్పడానికి నాలుగు మామూలు బోర్డులు వదిలేస్తుందన్నమాట.

కాపలావాళ్ళేం చేస్తారని అడిగావు. ఒంటికి ఏది మంచిదో అదే చేస్తారులే.

నీతో ఒక పని పడింది. వచ్చే నెలలో మా ల్యాబు చూడ్డానికి బడిపిల్లలు వస్తున్నారు. వాళ్ళకు ఇదంతా చూపించడానికి నీ చేత్తో ఒక పెద్ద బోర్డు కావాలి. నీ పద్ధతిలోనే, ఎర్ర రంగు మీద తెల్లక్షరాలు. ఫ్లెక్సీ కొట్టిస్తామంటే నేనే వద్దన్నాను.

నీ ఉడత


జూలై 28

ఉడతా,

బోర్డు రాశాను. నాలుగడుగుల రేకు, ఎర్ర రంగు మీద తెల్లక్షరాలు. చాలా కాలానికి చెయ్యి వణకకుండా రాశాను. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ చూస్తే నా గురువు ఉంటే వీపు తట్టేవాడు.

ఇవాళ పొద్దున షాపు ముందే కట్టాను. వచ్చేపోయేవాళ్ళు ఆగి చదువుతున్నారు. టైలరు కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివి, లోపలికెళ్ళి మిషను తొక్కుకున్నాడు. నా గుండె మీంచి పెద్ద బండ దించినట్టుంది.

మీ వదిన మాత్రం చూసి తల్లడిల్లిపోయింది. రోగం పేరు నలుగురిలో అలా పెడతావా, దించెయ్యి అని కాళ్ళావేళ్ళా పడింది. ఆమె ఏడుస్తుంటే నిచ్చెన తీసుకున్నాను కూడా. మళ్ళీ ఆగాను. నాకు తెలిసింది రంగులు, నీకు తెలిసింది చదువు. దించనా, ఉంచనా? ఒక్క ముక్క రాయి. నువ్వెలా అంటే అలా.

అన్నయ్య


ఆగస్టు 5
(కార్డు)

అన్నయ్యా,

దించకు. వదిన భయం నాకు తెలుసు, కానీ రోగం పేరు చూసి జడుసుకునే రోజులు పోవాలి. అందరూ చూడనీ. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వివరంగా తర్వాత రాస్తాను.

ఉడత


ఆగస్టు 19

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి కబురే లేదు. బోర్డు ఇంకా ఆరలేదా, లేక దాని మీద మోజు తీరక నువ్వే ఉంచేసుకున్నావా? బడిపిల్లలు ఈ నెలాఖరుకు వస్తున్నారు. గోనెసంచిలో చుట్టి, నాలుగు పక్కలా అట్టముక్కలు పెట్టి రైల్వే పార్సిల్లో వెయ్యి. దుకాణం బొమ్మ వేశావా? నెఫ్‌ను దొంగలా వేశావా? చిట్టి చూసిన బొమ్మే వేసి ఉంటావని మా వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాను.

ఇక్కడి సంగతులు అంత బాగాలేవు. బోర్డుల్ని పైకి తెచ్చిన మందు మంచి కణాలకు కూడా హాని చేస్తున్నట్టుంది. మళ్ళీ చేసి చూడమన్నారు. చూస్తున్నాను.

మాత్రలు?

నీ ఉడత


సెప్టెంబరు 1

ఉడతా,

నువ్వు బడిపిల్లల బొమ్మ అడిగావు. ఇప్పుడర్థమైంది. నేనది మరిచేపోయాను. నా తలనిండా ఆ వార్నిష్ డబ్బా ప్రశ్నే ఉంది, దానికి నువ్వు జవాబు చెప్పావనుకున్నాను.

నేను రాసింది ఇది. పై వరసలో, నాకు హెచ్ఐవీ ఉంది. రెండో వరసలో, మందులు వాడుతున్నాను. కింద చిన్నక్షరాల్లో, బోర్డులు రాయబడును.

మొదటి వారంలోనే, దిద్దడానికి ఇచ్చిన పాత బోర్డుల్ని ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. టైలరు చెక్క గోడకు అవతల నుంచి రేకులు కొట్టించాడు. నేను తుమ్మితే ఇప్పుడెవరూ చల్లగా ఉండమనరు. మీ వదిన రోజూ దించమనేది. నీ కార్డు వచ్చాక దాన్ని గోడకు అంటించి, చదువుకున్న నీ ఆడపడుచు చెప్పింది, దించను అన్నాను. ఆమె ఆ కార్డు చదివాక దించమని అడగడం మానేసింది.

తర్వాత సంగతి బడికి పాకింది. చిట్టి పక్కన పిల్లల్ని కూర్చోనివ్వద్దని వాళ్ళ తల్లులు గొడవపెట్టారు. పరీక్ష కాగితం పట్టుకెళ్ళి చూపించాను, దానికి లేదమ్మా అని దణ్ణం పెట్టాను. కాగితం ముట్టుకోలేదు. చిట్టిని వెనకబెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి, నాన్నా నా దగ్గర వాసనొస్తోందా అని అడిగింది. ఆ మర్నాడు మీ వదిన దాన్ని తీసుకుని వాళ్ళక్క ఊరు వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఏ మొహంతో ఆపను?

నీ పార్సిల్ ఉత్తరం అందిన రోజే బోర్డు దించాను. నెల రోజుల వానకూ దుమ్ముకూ గోడ మాసి, బోర్డున్న మేర మాత్రం కొత్తగా మిగిలింది. ఆ ఖాళీ చూసి ఇంకా అనుమానపడ్డారు. ఏదో దాస్తున్నాడన్నారు. షాపు ఓనరు వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. నువ్వు చెప్పిన రెండో రకం కాపలా కూడా ఉందమ్మా, చూశాను.

ఆసుపత్రిలో డాక్టర్ని అడిగాను, బోర్డు కనబడితే కాపలా కణాలు ఏం చేస్తాయండీ అని. రోగమున్న కణాన్ని చంపేస్తాయి, అలా చంపితేనే ఒళ్ళు బాగుపడుతుంది అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఒంటి వైపు నుంచి ఆలోచించాను ఉడతా. కణం వైపు నుంచి ఆలోచించాల్సింది.

అన్నయ్య


సెప్టెంబరు 8

అన్నయ్యా,

ఇవాళ పొద్దుటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్ అని వస్తోంది.

నా వల్లే. ఇంకో మాట లేదు. నువ్వు సూటిగా అడిగావు, నేను రెండుసార్లు తప్పించుకున్నాను. రోగమున్న కణాన్ని చంపేస్తారు అనే మాట నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నీకు బాధ కలుగుతుందని ఆ ఒక్క మాట దాచాను.

ఒంట్లో కణాలు కోట్లుంటాయి, ఒకటి పోతే ఇంకోటి పుడుతుంది. మనిషి అలా కాదు. నువ్వు కణానివి కాదు అన్నయ్యా. మాత్రలు వేసుకుంటూ ఉంటే వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. అప్పుడు నీ నుంచి వదినకు కూడా సోకదు. చిట్టికైతే నీ పక్కన కూర్చుంటే, నీ కంచంలో తింటే ఎప్పుడూ సోకదు. ఇది మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నెఫ్ గొప్పలు రాస్తూ కూర్చున్నాను.

మా మందు పని ఆపేశారు. మంచి కణాలనూ చంపుతోందని తేలింది. నాకు ఏడుపు కూడా రాలేదు. సెలవు అడిగాను, దొరకగానే బయల్దేరతాను. అప్పటిదాకా నువ్వు చెయ్యాల్సింది మాత్రలు వేసుకోవడమే. కాళ్ళు పట్టుకుంటాను.

ఉడత


సెప్టెంబరు 21
(కార్డు)

ఉడతా,

నిన్నేమీ అనను. నువ్వు చిన్నప్పుడు కూడా చెడ్డ వార్త చెప్పలేక చాప కింద దూరేదానివి.

రావద్దు. ఎల్లుండి షాపు తాళం ఇచ్చేస్తున్నాను. ఎక్కడికో ఇంకా అనుకోలేదు. చిట్టిని కొత్త బడిలో వేశారట. అక్కడ తండ్రి లేడని రాయించిందట మీ వదిన. మంచి పని చేసింది. అలా బోర్డు దించితేనే పిల్ల బతుకుతుంది. దాని కోసమే ఉండాలనుకున్నాను, ఇప్పుడు దాని కోసమే ఉండకూడదు.

వార్నిష్ డబ్బా మూత తీసి చాలా రోజులైంది. తీయడానికి కారణం దొరకడం లేదు.

అన్నయ్య


అక్టోబరు 12

అన్నయ్యా,

ఈ ఉత్తరానికి చిరునామా లేదు. నువ్వు మాత్రలు తీసుకునే కిటికీ ఎదురుగా బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని రాస్తున్నాను. వచ్చి వారమైంది. ఊరంతా తిరిగాను. లాడ్జీల్లో అడిగాను, రంగుల షాపుల్లో అడిగాను, రైల్వేస్టేషన్లో నీ ఫోటో చూపించాను. నీ షాపులో ఫ్లెక్సీ మిషను పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. నువ్వుంటే తిట్టిపోసేవాడివి.

నీ బోర్డు టైలరు దగ్గర దొరికింది. వాన పడకుండా కిటికీకి అడ్డం పెట్టుకున్నాడు, ఎర్ర వైపు లోపలికి తిప్పి. నేనెవరో చెప్పగానే విప్పి ఇచ్చేశాడు. నా మొహంలోకి చూడలేకపోయాడు. బాగా రాసేవాడమ్మా అన్నాడు. నిజంగానే ఎంత బాగా రాశావు అన్నయ్యా. ఒక్క గీతా వంకర పోలేదు.

వదిన దగ్గరికీ వెళ్ళాను. నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. బడిలో అలా రాయించినందుకు తనే ఏడ్చింది. చిట్టికి మాత్రం ఆ మాట చెప్పలేదట. నాన్న దూరంగా ఒక పెద్ద బోర్డు రాయడానికి వెళ్ళాడని, రంగు ఆరాక వస్తాడని చెప్పింది. నేను వచ్చేస్తుంటే చిట్టి వీధి చివరిదాకా వచ్చి, రంగు ఆరడానికి ఇన్ని రోజులు పడుతుందా అత్తా అని అడిగింది. పడుతుందమ్మా అన్నాను. ఈసారి కూడా నేను నిజం చెప్పలేకపోయాను.

మాత్రల కిటికీ దగ్గరమ్మాయి రికార్డు తీసి చూసింది. ఆగస్టు తర్వాత నువ్వు రాలేదట. ఇన్నాళ్ళు ఆపితే వైరస్ మళ్ళీ లేచి ఉంటుంది. నెఫ్ మళ్ళీ తన పనిలో పడి ఉంటుంది. నీ ఒంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో నాకు ఒక్కొక్క మెట్టూ తెలుసు, నువ్వెక్కడున్నావో మాత్రం తెలియదు. ఇంత చదువూ చదివి నాకు మిగిలింది ఇదీ.

రేపటితో నా సెలవు అయిపోతుంది. ఇంకా పెంచమని రాశాను, ఇవ్వకపోతే ఉద్యోగం వాళ్ళకే వదిలేస్తాను. ఆ అమ్మాయిని బతిమాలాను. ఈ ఉత్తరాన్ని నీ మాత్రల కవరులో పెట్టి ఉంచుతానంది. నువ్వొచ్చి మాత్రలు అడిగితేనే ఇది నీ చేతికొస్తుంది. అడక్కపోతే ఇంకెవరూ చదవరు.

పొద్దుటి నుంచి ఆ కిటికీ దగ్గర ఎవరు దగ్గినా తలెత్తి చూస్తున్నాను. నువ్వు కాదు. చదువుతున్నావా అన్నయ్యా? చదువుతుంటే వెనక్కి తిరుగు, బెంచీ అక్కడే ఉంది.

కిటికీ మూసేస్తున్నారు. ఇది ఇచ్చేయాలి.

నీ ఉడత